మిద్దె మీది చౌడు

జడ్చర్లలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసే పనికి కుదిరిన కొత్తలో, ఇల్లు కట్టుకుందామని వచ్చిన ప్రతివారూ వాస్తు పేరుతో నన్ను కాల్చుకు తినేవారు. పొయ్యి ఆగ్నేయంలో పడిందా, బోరు ఈశాన్యంలో ఉందా, తలుపులు సరిసంఖ్యలో వచ్చాయా. అంతా విని, "మీ పడమటి గోడకు నీడ ఏమన్నా ఉందా? చెట్టో, పక్కింటి గోడో?" అని నేను అడిగితే మాత్రం తెల్లమొహం వేసేవారు. దిక్కులన్నీ నోటికి వచ్చిన మనుషులకు, ఆ దిక్కుల్లోనే సూర్యుడు కూడా తిరుగుతాడన్న సంగతి గుర్తుండేది కాదు.

తొంభైల నాటి మాట ఇది. అందరికీ ఒకటే మోజు, స్లాబు. నేను గోడల పైన వెంటిలేటర్లు గీస్తే, "గవెందుకు మేడం, పావురాలు గూళ్ళు పెడ్తయి" అని చెరిపించేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా కొలువు కొలువే కదా, వాళ్ళ ముందు బుద్ధిగా చెరిపేసేదాన్ని. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ గీసేదాన్ని. మేస్త్రీ కాగితం చూసి కడతాడు గాని యజమాని మాట గుర్తుపెట్టుకుని కట్టడు. ఆ ఊళ్ళో కొన్ని ఇళ్ళలోకి ఇవాళ గాలి వస్తోందంటే అది నా మొండితనం పుణ్యమే.

సాయంత్రం కిరాయి గదికి చేరుకునేసరికి ఆ గది స్లాబు పొద్దంతా తాగిన ఎండను నా నెత్తి మీద గుమ్మరించడానికి కాచుకుని ఉండేది. ఫ్యాను వేస్తే వేడిగాలినే కలియబెట్టేది. అట్లా చాప మీద వాలి కళ్ళు మూసుకుంటే మా వెనక అర్ర వాసన వచ్చేది. ఎర్రమట్టి, పేడ అలుకు, ఆరిన సున్నం, మూలన విత్తనాల కుండలు. అన్నీ కలిసిన ఒక చల్లటి వాసన. ఆ అర్ర ఇప్పుడు లేదు. నాయిన పోయాక చౌడు వేసే చేతులు లేక ఒక వానకాలంలో ఉన్నచోటనే కూలబడి మట్టిలో మట్టయింది. మనిషి కోసం బెంగపడితే లోకం అర్థం చేసుకుంటుంది. ఒక గది కోసం బెంగపడుతున్నానంటే నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ. నా ప్రాణం ఇప్పటికీ ఆ గది కోసం కొట్టుకుంటుంది.

కొత్తకోటలో బస్సు దిగి పొలాల గట్ల మీద నడిచి పోవలసిన పల్లె మాది. చిన్నప్పుడు మా ఇల్లంతా మట్టి మిద్దె. మూరెడు మందం మట్టి గోడలు. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెపుల్లలు, తంగేడు మండలు, వాటి మీద జానెడు మట్టి. ఆ మట్టి మీద చౌడు. ఇంటి నడిమధ్య కప్పులో గవాచి అని ఒక కంత ఉండేది. దానిగుండా పగలు వెలుతురు పడేది, వంట పొగ పోయేది, వాన వస్తే పైకెక్కి దాని మీద బండ మూసేవాళ్ళు. ఎండ ఆ గోడలను దాటి లోపలికి రావడానికి పొద్దంతా పట్టేది. తీరా అది వచ్చే వేళకు బయట చల్లబడేది. అప్పుడు నాయిన ముందు తలుపు, వెనక తలుపు బార్లా తెరిచేవాడు. లోపలి ఉక్కంతా గవాచిలోంచి పైకి పోయి, కింది నుంచి చల్లగాలి వచ్చేది. దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయని నేను చదువుకునేటప్పుడు తెలిసింది. మా ఇంట్లో దాని పేరు "జర తలుపు తియ్యిరి" అంతే.

మిద్దెకు ఒక మెలిక ఉంది. దాన్ని ఏటేటా సాకాలి. ఉగాది వెళ్ళినాక, మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందు, ఊరు ఊరంతా వాగు పక్కన ఉన్న చౌడు నేలకు బండ్లు కట్టేది. తెల్లగా, మెత్తగా, నాలుకకు తగిలితే ఉప్పగా ఉండే మన్ను అది. దాంట్లో ఒక్క మొక్క మొలవదు. కాని మిద్దె మీద పరిచి దిమ్మిసతో కొడితే నీటిచుక్కను కిందికి దిగనివ్వదు. మగవాళ్ళు తవ్వేవారు, ఆడవాళ్ళు తట్టలతో మోసేవారు. చౌడు వేయని మిద్దె మొదటి పెద్దవానకే ఉరుస్తుంది. కొంచెం చౌడు ఇంట్లో ఒక మూల గోనె కప్పి పొడిగా దాచేవారు. వానలో ఎక్కడన్నా కారితే పైకెక్కి అక్కడ ఇంత చల్లి తొక్కడానికి.

మా అమ్మకు ఆ మిద్దె అంటే పడదు. తట్ట నెత్తికెత్తుకున్న ప్రతిసారీ తిట్టుకునేది. "ఇల్లు గాదిది, ఎన్నటికి పెద్దగాని పసిపిల్ల. ఎన్నేండ్లు సాకాలె దీన్ని?" అనేది. వానకాలం మబ్బు పడితే చాలు, ఆమె మొహం మారిపోయేది. ఇంట్లో గిన్నెలన్నీ పొయ్యి దగ్గర వరసగా పెట్టుకుని తల పైకెత్తి కూర్చునేది. కారినా కారకున్నా అట్లాగే. స్లాబు ఇల్లు ఆమెకు ఒక మొక్కులాంటిది. పొరుగూళ్ళో ఎవరిదో స్లాబు పడిందని తెలిస్తే చూసిరావడానికి వెళ్ళేది. వచ్చి రెండు రోజులు దాని గురించే చెప్పేది.

ఎనభైల చివర్లో, అక్క పెళ్ళికి ముందు, నాయిన ఎడ్లు అమ్మి, కాలువ పనుల్లో కూడబెట్టింది దానికి కలిపి అమ్మ మొక్కు తీర్చాడు. పాలమూరు మనుషులకు వలస కొత్త కాదు. నాయిన వయసంతా ఎక్కడెక్కడి కాలువల్లోనో, ఆనకట్టల దగ్గరో మట్టి మోసి, కాంక్రీటు కలిపి గడిచింది. ఊళ్ళకు ఊళ్ళకే నీళ్ళిచ్చి, చివరకు ఇంటికి వచ్చి సొంత గోడలు లేపాడు.

ఆ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ప్లాను లేదు, అమ్మే ప్లాను. కిటికీల పైన గాలికి వెంటిలేటర్లు పెడతానని అతను అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"వాన జల్లు కొడ్తది. దానికి సందు దొర్కితె సాలు, దూర్తది. నా ఇంటికి పైన ఒక్క బొక్క గూడ ఉండొద్దు."

మేస్త్రీ నాయిన వైపు చూశాడు. నాయిన బీడీ ఆర్పి, "ఆమె ఇల్లది. ఆమె ఎట్ల జెప్తె గట్లనే" అన్నాడు.

అట్లా అమ్మ వాన వచ్చే దారులన్నీ ఒక్కటొక్కటిగా మూయించింది. గవాచి లేదు, వెంటిలేటర్లు లేవు, ముందు వసారాలా దింపే సాయమాను కూడా లేదు. ఆ దారుల్లోనే గాలి కూడా వస్తుందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు. పాత మిద్దెను ముందు నుంచి కూలగొట్టుకుంటూ వచ్చి, వెనక అర్ర దగ్గరికి వచ్చేసరికి నాయిన పార కింద పెట్టాడు.

"ఇదొక్కటి ఉండనీ. ఇత్తనాలు పెట్టుకుంటం" అన్నాడు. భార్య మాటకు ఎదురు చెప్పని మనిషి చెప్పిన ఒకే ఒక్క ఎదురుమాట అది.

కొత్త ఇంట్లో మొదటి వాన పడినప్పుడు నేను అమ్మనే చూస్తూ కూర్చున్నాను. అలవాటు కొద్దీ గిన్నెలు తీసింది. మళ్ళీ తనే నవ్వుకుని లోపల పెట్టింది. తరువాత హాలు మధ్యలో బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పైన స్లాబు మీద వాన చప్పుడు వింటూ కూర్చుంది. అమ్మ అట్లా ఏ పనీ లేకుండా కూర్చోగా నేను చూడడం అదే మొదలు. ఎంత అందంగా ఉందో అనిపించింది.

తరువాత ఎండాకాలం వచ్చింది.

మా వైపు ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఆ స్లాబు పొద్దంతా ఎండను మింగి, దీపాలు పెట్టే వేళకు మా మీద కక్కేది. టేబుల్ ఫ్యాను కొన్నాం గాని, మోటర్లు నడిచే వేళ కరెంటు ఉంటే వోల్టేజి ఉండదు, వోల్టేజి ఉన్నప్పుడు కరెంటే ఉండదు. ఒకరోజు నాయిన చాప చుట్టి చంకన పెట్టుకుని మెల్లగా వెనక అర్రలోకి మారాడు. ఆ వెనకే నేను పుస్తకాలతో పోయాను. నా వెనక పిల్లి కూడా వచ్చింది. అమ్మ ఒక్కతే కొంగుతో మెడ తుడుచుకుంటూ స్లాబు కింద కూర్చుని, "నాకేం ఉడ్కపోస్తలేదు. సల్లగనే ఉన్నది. పోండి, పోయి ఎల్కల నడుమ పండుకోండి" అనేది.

"రాణిగారి బంగ్ల గద, గట్లనే ఉంటది" అనేవాడు నాయిన, ఆమెకు వినపడేటట్టు.

ఆ విత్తనాల అర్ర మీద మాత్రం ఆయన ఏటా తప్పకుండా చౌడు వేసేవాడు. ఒక్కడే తవ్వి, ఒక్కడే మోసి, ఒక్కడే దిమ్మిస కొట్టేవాడు. అమ్మ చెయ్యి వేసేది కాదు. "జొన్నలకు గూడ గింత సోకా" అని దూరం నుంచి ఎగతాళి చేసేది. స్లాబు పడిన రోజు ఇక చౌడు తట్ట ముట్టనని ఒట్టు పెట్టుకుంది మరి.

పెళ్ళయిన మరుసటి ఏడు అక్క తొలికాన్పుకు ఇంటికి వచ్చింది. నేను ఇంటర్ పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. తొలికాన్పు పుట్టింటివాళ్ళే చేయాలి కదా, అమ్మ నెలల ముందు నుంచే స్లాబు ఇంట్లో ఒక గది సిద్ధం చేసింది. "నా బిడ్డ ఉరిసే ఇంట్ల ఉండదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. కొత్తకోట దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పొత్తిళ్ళలో చుట్టుకుని ఇంటికి తెచ్చేసరికి రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ అంటారే, అదే.

మా దగ్గర బాలెంతను ఉంచే పద్ధతి ఒకటుంది. తలుపులు, కిటికీలు మూయాలి. బాలెంత తలకు గుడ్డ కట్టి చెవుల్లో దూది పెట్టాలి. మంచం కింద కుంపటి పెట్టి దాంట్లో వాయింటాకు, సాంబ్రాణి వేసి పొగ పట్టాలి. గాలి తగలకూడదు, చలి చొరకూడదు. మూరెడు గోడల మట్టి ఇంట్లో, చల్లటి నేల మీద పుట్టిన పద్ధతి అది. అక్కడ ఆ కాస్త సెగ ఒంటికి హాయిగానే ఉంటుంది. అమ్మ ఇంటిని మార్చింది గాని పద్ధతిని మార్చలేదు. రోహిణి ఎండకు కాలుతున్న స్లాబు కింద, వెంటిలేటర్లు లేని గదిలో, కిటికీలు మూసి కుంపటి పెట్టింది. ఎదిరించే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె చేస్తున్నది ప్రేమతో అని అందరికీ తెలుసు కాబట్టి అసలే లేదు.

పాపకు మొదట ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. తరువాత పాలు తాగడం తగ్గింది. ఏడుపు సన్నబడింది. పెదవులు ఎండి అంటుకుపోతుంటే అక్క తడిగుడ్డతో అద్దుతూ తనూ ఏడ్చేది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ పాపను విప్పి చూసి, "పిల్ల ఎండకు వాడిపోతాంది. మందుల కన్న ముందుగల్ల చల్లటి జాగ చూడుండ్రి. గుడ్డలు తీసెయ్యిరి, మాటిమాటికి పాలియ్యిరి" అంది.

అమ్మ కుంపటి తీసేసింది. కిటికీలు తెరిచింది. ఆ కిటికీలు పడమర వైపు. మధ్యాహ్నం వాటిలోంచి వడగాలి తప్ప మరేమీ రాలేదు. మళ్ళీ మూసింది. నేల మీద నీళ్ళు చల్లింది, తడిచీర కట్టింది, విసనకర్రతో చేతులు పడిపోయేలా విసిరింది. వెనక అర్ర అక్కడే, వాకిలి దాటితే ఉంది. ఇంట్లో అందరి కళ్ళూ అటే పోతున్నాయి. ఎవరూ నోరు తెరవడం లేదు.

నాయిన మాత్రం ఎవరినీ అడగకుండా పని మొదలుపెట్టాడు. విత్తనాల కుండలు బయటికి తెచ్చాడు. ఎలుకల కన్నాలు పూడ్చాడు. మా పక్కింటి చాచి వాళ్ళది సున్నం వ్యాపారం. ఆమె దగ్గర సున్నం తెచ్చి గోడలకు కొట్టాడు. ఎండకు బీటలు వారిన చౌడు మీద కొత్త చౌడు మళ్ళీ ఒక పొర వేశాడు. నన్ను పిలిచి నేల అలకమన్నాడు. ఎవరి కోసమని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అమ్మ వెనక తలుపులో నిలబడి చూసింది.

"మీరేం జేస్తున్నరో నాకు తెల్వదనుకుంటున్నరా? పసిదాన్ని మట్టి కిందికి తీస్కపోవుడు నా పాణం ఉండంగ గాదు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పేడ చేతులతోనే చాచి ఇంటికి పోయి, అమ్మ పంతం వల్ల పాప చచ్చిపోయేటట్టుందని కడుపులో ఉన్నదంతా కక్కాను. చాచి సున్నం బుట్ట పక్కకు జరిపి నన్ను కూర్చోబెట్టింది.

"పంతం గాదు బిడ్డ. మీ అక్క కన్న ముందుగల్ల ఒక పిలగాడు పుట్టిండు, ఎర్కేనా?"

ఎరుకే. పుట్టి పోయాడని తెలుసు. అంతకు మించి మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

"గా ఏడు మీ నాయిన కాల్వ పనికి పోయిండు. మిరుగానికి ముంగట వస్తనన్నోడు రాలే. మేస్త్రీ పంపలేదో, ఏమాయెనో. మీ అమ్మ నిండు మనిషి. మిద్దె మీద చౌడు ఎవరేస్తరు? సావనంల కాన్పయింది. వానంటె వాన గాదు. ఇల్లంత ఉరిసింది. గోడలు నాని సల్లబడ్డయి. పిలగానికి సలిజరం వచ్చింది. పురుడు గాకముందే పాయె. మీ నాయిన వచ్చేటాల్లకు బొంద మీద మట్టి గూడ ఆరింది."

గిన్నెలు పరుచుకుని తల పైకెత్తి కూర్చున్న అమ్మ కళ్ళ ముందు నిలబడింది. ఒక్కడే చౌడు మోసుకునే నాయిన కూడా. ఒకే దుఃఖానికి ఒకరు స్లాబు వేశారు, ఒకరు చౌడు వేస్తూ ఉన్నారు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి వాళ్ళు ఆ సంగతి ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చాచి నాతోపాటే లేచి వచ్చింది. అమ్మ దగ్గర కూర్చుని, పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అమ్మ ఆమెను అక్కా అనేది. వయసులో పెద్దది కాబట్టి చాచి మాటకు మా అమ్మ కాస్త తగ్గేది.

"నీ భయం నాకు తెల్సు" అంది చాచి. "గాని పిల్లకు నీ భయం తెల్వదు. దానికి ఉడ్కపోతనే తెల్సు."

"వానొస్తె అక్కా?"

"వానొస్తె సూస్కుందం. ఇయ్యాల ఎండున్నది."

అమ్మ లేచింది. పాపను గుండెకు ఆనించుకుని, కొంగు కప్పి, వాకిలి దాటి వెనక అర్రకు నడిచింది. గుమ్మం దగ్గర ఆగి తల పైకెత్తి దూలాలను, దంతెలను ఒక్కొక్కటిగా చూసింది. గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది. అప్పుడు పాపను మంచం మీద పడుకోబెట్టింది. నాయిన బయట, గోడ పక్కన, ఏదో వెతుకుతున్నట్టు తిరుగుతున్నాడు.

ఆ అర్ర కప్పుకూ ఒక చిన్న గవాచి ఉండేది. సాయంత్రానికి దాన్ని తెరిచారు. ఉక్క పైకి పోయింది. పాప కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసి, నోరు చప్పరించి, అక్క రొమ్ము పట్టింది. గుటకలు వినపడుతుంటే అక్క ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం పాపను చూడలేదు. కప్పునే చూస్తూ కూర్చుంది.

ఆ తరువాతి రోజులు నాకు కావాలి. ఇప్పుడు, ఈ వయసులో, ఎవరన్నా ఏదన్నా కోరుకో అంటే నేను అవే అడుగుతాను. బయట నిప్పుల ఎండ. లోపల సున్నం గోడల తెల్లటి నీడ. గవాచి నుంచి పడిన వెలుగు పొద్దుతోపాటు నేల మీద జరుగుతుంటే, అక్క కాళ్ళ దాకా వచ్చిందంటే మధ్యాహ్నం అన్నమాట. చాచి వచ్చి పాపకు నూనె రాసి నీళ్ళు పోసేది. చెమటకాయలు మాడిపోయాయి. బుగ్గలు నిండాయి. నాయిన గుమ్మంలో కూర్చుని లోపలికి తొంగి చూసి, "మా జొన్నల గంప ఎట్లున్నది?" అని పాపను అడిగేవాడు. అందరం ఆ చిన్న గదిలో ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతూ పడి ఉండేవాళ్ళం. కరెంటు వచ్చిందో పోయిందో ఎవరికీ పట్టేది కాదు.

అమ్మ మనసు మాత్రం నిలకడగా లేదు. "మిరుగం రాకముందే మల్ల ఇంట్లకు మార్తం" అని రోజూ అనేది. వాన పడేలోపు పాపను స్లాబు కిందికి చేర్చాలని ఆమె లెక్క. వాన ఆమె లెక్క చూసుకుని రాదు కదా. రోహిణి ఇంకా వెళ్ళకముందే, ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. ఆకాశం నల్లబడింది. నాయిన గొంగడి నెత్తిన వేసుకుని గవాచి మూయడానికి నిచ్చెన ఎక్కాడు. ఆయన పైకి చేరాడో లేదో కుండలతో కుమ్మరించినట్టు వాన.

లోపల చీకటి పడింది. అక్క మంచం మీద, పాప అమ్మ ఒళ్ళో, నేను గుమ్మం దగ్గర. మట్టి తడిసిన వాసన ముంచెత్తింది. అందరం పైకే చూస్తున్నాం. కొంతసేపు ఏమీ కాలేదు. తరువాత పడమటి మూల, దంతె పక్కన, ఒక మరక కనపడింది. చూస్తుండగానే నల్లబడి, ఉబ్బి, ఒక చుక్క జారి నేల మీద పడింది. ఆ వెనక ఇంకొకటి.

అమ్మ పాపను తీసుకుని దిగ్గున లేచి గుమ్మంలోకి వచ్చింది. వాకిలికి అవతల స్లాబు ఇల్లు తెల్లగా కనపడుతోంది. నడుమ వాన గోడ కట్టినట్టుంది. కొంగు పాప మీదికి లాగి, ఒక కాలు బయట పెట్టింది. జల్లు పాప మొహాన కొట్టింది. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. అమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

ఆమె మొహం నేను ఎన్నటికీ మరిచిపోలేను. ముందు వాన, వెనక ఉరిసే మిద్దె, చేతుల్లో పసిపిల్ల. మళ్ళీ అదే రోజు వచ్చి ఆమె ముందు నిలబడింది.

వెనక్కి తిరిగి పాపను అక్క చేతికిచ్చింది. మంచాన్ని పొడిగా ఉన్న గోడ వైపుకు లాగింది. మూలకు పోయి గోనె తీసి తట్టనిండా పొడి చౌడు ఎత్తుకుంది. తట్ట మీద గోనె కప్పి, నా దగ్గరికి వచ్చి, "నిచ్చెన గట్టిగ పట్టుకో" అంది.

నిచ్చెన గుమ్మం పక్కనే ఆనించి ఉంది. నేను రెండు చేతులా పట్టుకున్నాను. అమ్మ వానలో ఎక్కిపోయింది. ఇక చౌడు ముట్టనన్న మనిషి.

"పడమటి మూలకు ఉరుస్తాంది. గీడ, దంతె పక్కకు" అన్న గొంతు వినపడింది. అడుగుల చప్పుడు. చౌడు చల్లిన చప్పుడు. నాయిన మడమలతో తొక్కుతున్న చప్పుడు.

"నువ్వెందుకెక్కినవ్? జారి పడ్తవ్" అన్నాడు నాయిన.

మళ్ళీ చౌడు చల్లిన చప్పుడు.

"గా ఏడు గూడ ఎక్కిన" అంది అమ్మ. "పిలగాన్ని సాప మీద పండవెట్టి ఎక్కిన. చౌడే లేకుండె."

తొక్కుతున్న అడుగులు ఆగిపోయాయి. తల ఎత్తి చూస్తే ఆయన తన గొంగడి తీసి ఆమె నెత్తిన కప్పుతున్నాడు. ఆమె వద్దనలేదు. మళ్ళీ ఇద్దరూ కలిసి ఆ మూల తొక్కడం మొదలుపెట్టారు.

"ఇంక ఉరుస్తాందా సూడు" అని అమ్మ నన్ను కేకేసింది.

నేను వంగి లోపలికి చూశాను. మరక ఉంది, చుక్క లేదు. లేదన్నాను.

"మల్ల సూడు."

మళ్ళీ చూశాను. అక్క ఒళ్ళో పాప పాలు తాగుతూ నిద్రపోయింది. "లేదమ్మా, దిగు" అన్నాను.

అమ్మ దిగలేదు. వాన వెలిసేదాకా వాళ్ళిద్దరూ మిద్దె మీదనే ఉన్నారు.